గేటు బయట పది అంకెలు: విజయనగరం మీటరు రీడర్లకు కుక్కకాటు నివారణ శిక్షణ, ఒక కేస్ స్టడీ

విజయనగరం పట్టణంలోని కొన్ని పేటల్లోనూ, నెల్లిమర్ల వైపు పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీసి బిల్లు కొట్టే పనిని ఒక ఏజెన్సీ కాంట్రాక్టుకు చేస్తోంది. తన దగ్గర పనిచేసే 34 మంది రీడర్లకు కుక్కల విషయంలో జాగ్రత్తలు నేర్పమని ఆ ఏజెన్సీ నన్ను అడిగింది. నేను వృత్తిరీత్యా పశువైద్యుణ్ణి. ఉద్యోగ విరమణ చేసిన తరువాత, ఇళ్లకు వెళ్లి పనిచేసే సిబ్బందికి ఇటువంటి శిక్షణ ఇస్తున్నాను. ఈ పనిలో నేను అనుకున్నట్టు జరిగినవీ, జరగనివీ, నా పొరపాట్లూ ఇక్కడ రాస్తున్నాను.

మేనేజరు గారు ఫోనులో అడిగింది ఒక పూట క్లాసు మాత్రమే. ఆ వానాకాలంలో నెల తిరగకముందే ఇద్దరు రీడర్లను కుక్కలు కరిచాయని, రెండో మనిషి మూడు రోజులు పనికి రాకపోవడంతో ఒక రూటు మొత్తం ఆగిపోయిందని ఆయన చెప్పారు. అందరికీ కర్రలు కొనివ్వాలా, కారం నీళ్ల స్ప్రే కొనివ్వాలా అన్నది ఆయన అసలు సందేహం. ఆ రెండింటికీ వెంటనే జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. కరిచిన ప్రతి సంఘటనా ఎక్కడ, ఎలా జరిగిందో తెలియకుండా ఇచ్చే సలహా జబ్బు చూడకుండా రాసిన మందు చీటీ లాంటిది కనుక వారం రోజులు గడువు అడిగాను.

రిజిస్టరులో రెండు, నోటి మాటల్లో ఆరు

ఏజెన్సీ రిజిస్టరులో అంతకు ముందు ఏడాదికి రెండే కాట్లు నమోదై ఉన్నాయి. రీడర్లను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే ఆరు సంఘటనలు తేలాయి. మిగిలిన నాలుగూ ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే ఆ రోజు కూలి పోవడమే కాక రూటు కూడా వేరొకరికి వెళ్లిపోతుందని భయపడ్డామన్నారు. ఒకతను మాత్రం, "కుక్క కరిసిందని సెప్పుకోడానికి సిగ్గేసింది సార్" అన్నాడు. ఈ సిగ్గును తేలికగా తీసుకోకూడదని అనుభవం మీద తెలుసుకున్నాను. కాటును దాచుకున్న మనిషి వైద్యాన్ని కూడా వాయిదా వేస్తాడు.

ఆరింటిలో ఐదు కాట్లు. ఒకటి కుక్కలు వెంటబడగా వేగం పెంచి బండితో సహా పడిపోయిన సంఘటన. ఐదు కాట్లలో నాలుగు ప్రహరీ లోపల, పెంపుడు కుక్కల వల్ల జరిగాయి. ఆ నాలుగిళ్లలో మూడింటికి ఆ రీడర్లు ఎన్నో నెలలుగా వెళుతున్నారు, అంటే కుక్క ఉన్నదని వారికి ముందే తెలుసు. ఐదో కాటు మాత్రం వీధి కుక్కది, కల్వర్టు కింద పిల్లలు పెట్టిన తల్లి కుక్కది.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి ఉంది. మీకు అన్నిటికంటే ఎక్కువ భయం దేని వల్ల అని అడిగితే దాదాపు అందరూ సందు చివర గుంపుగా పడుకునే వీధి కుక్కలనే చెప్పారు. పెంపుడు కుక్కల్లో జర్మన్ షెపర్డ్‌నూ, రాట్‌వైలర్‌నూ చెప్పారు. పోమేరియన్ పేరు ఒక్కరు కూడా చెప్పలేదు. కానీ నాలుగు పెంపుడు కుక్కల కాట్లలో రెండు మనం పోమేరియన్ అని పిలుచుకునే ఆ తెల్లటి బొచ్చు కుక్కలవే. రెండూ మనిషి వెనుదిరిగి వెళుతుండగా పిక్క మీద పడినవే. భయం ఉన్న చోట మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. చిన్న కుక్క కదా అనుకున్న చోట వీపు తిప్పుతాడు.

కాటు పడిన ఐదుగురిలో టీకా మోతాదులన్నీ పూర్తి చేసుకున్నవారు ఇద్దరే. ఒకరు పసుపు, సున్నం కలిపి పట్టించి ఊరుకున్నారు. ఒకరు పల్లెలో ఆకు మందు తిని పథ్యం చేశారు. ఇంకొకరు మూడు సార్లు సూదులు వేయించుకుని, గాయం మానిపోయింది కదా అని నాలుగోసారి వెళ్లలేదు. ఈ ముగ్గురి మాటలు విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మొదటి ఇద్దరినీ మరునాడే నా వెంట పెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాను, మూడో అతన్ని కూడా వైద్యునికి చూపించాను. కాటు పడి నెలలు గడిచినా, అప్పుడు వైద్యం జరగకపోతే, ఇప్పుడైనా మొదలుపెట్టవలసిందే. శిక్షణ పథకం రాయడం ఆ తరువాతనే మొదలైంది.

మూడు రోజులు వెంట నడిచి చూసినది

తోటపాలెం, కంటోన్మెంట్, కణపాక ప్రాంతాల్లో రెండు రోజులు, నెల్లిమర్ల వైపు పల్లెల్లో ఒక రోజు రీడర్ల వెంట నడిచాను. రీడర్ హెల్మెట్ తలమీద ఉంచుకునే గేటు గొళ్లెం తీస్తాడు. "కరెంటు బిల్లూ" అని అరుస్తాడు, కానీ ఆ అరుపూ, లోపల పెట్టే అడుగూ ఒకేసారి పడతాయి. ఇంటివారు జవాబిచ్చేసరికి అతను మీటరు దగ్గర ఉంటాడు. మీటరు వసారాలోనో, మేడ మెట్ల కిందనో, ఇంటి పక్క సందులోనో ఉంటుంది. రీడింగు తీసి, బిల్లు కాగితం బయటికి వచ్చేవరకు అతని ముఖం గోడ వైపు, వీపు పెరడు వైపు ఉంటాయి. ఆ అర నిమిషమే ప్రమాద సమయమని రెండో రోజు మధ్యాహ్నానికి నాకు అర్థమైంది. అప్పటిదాకా నేను గేటు తెరిచే క్షణాన్నే చూస్తూ వచ్చాను.

ఇంటి యజమానుల మాట మరో ముఖ్యమైన విషయం. "రండి బాబూ, అది ఏటీ సెయ్యదు" అని అరుగు మీద కూర్చునే చెబుతారు. వారి దృష్టిలో అది నిజమే, వారిని అది ఏమీ చేయదు. కొందరు లేచి వచ్చి కుక్క మెడ పట్టీ పట్టుకుని రీడర్‌ను లోపలికి పిలుస్తారు. ఇది మంచి ఉద్దేశంతోనే చేస్తారు కానీ, ముందుకు ఉరుకుతున్న కుక్కను మెడ దగ్గర వెనక్కి లాగి పట్టుకుంటే దాని ఉద్రేకం తగ్గదు, పెరుగుతుంది. పట్టు జారితే ఆ ఉద్రేకమంతా రీడర్ మీద పడుతుంది. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కల సంగతీ అంతే. పారిపోయే దారి లేని కుక్కకు మిగిలేది ఎదురు తిరగడమే కనుక గొలుసు చేరే దూరం లోపలికి అడుగు పెట్టకూడదు. ఆ దూరాన్ని కొలవడం కష్టం కాదు: కట్టేసిన కుక్క తిరిగి తిరిగి నేల మీద గడ్డి లేని వలయం ఏర్పడి ఉంటుంది.

"మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను మూడు రోజుల్లో కనీసం పదిసార్లు విన్నాను. మనుషుల గురించి చెప్పినప్పుడు ఆ సామెత ఎంత నిజమో నాకు తెలియదు గాని, కుక్కల గురించి చెబితే మాత్రం అది నమ్మదగినది కాదు. మొరుగుడు దూరంగా ఉండమనే హెచ్చరిక. ఆ హెచ్చరికను లెక్క చేయకుండా దగ్గరకు వెళితే అదే కుక్క కరుస్తుంది.

క్లాసు కంటే ముందు తేలవలసిన లెక్క

రీడర్లకు జీతం లేదు. రీడింగు తీసిన ఒక్కో సర్వీసుకు, అంటే కరెంటు కనెక్షనుకు, ఇంత అని లెక్క. తలుపు వేసి ఉంటే బిల్లు కొట్టే మిషన్‌లో డోర్ లాక్ అని కొట్టాలి, దానికి డబ్బు రాదు. డోర్ లాక్‌లు ఎక్కువైతే సూపర్‌వైజరు నుంచి మాట పడాలి కూడా. అంటే, గేటు లోపల విడిగా తిరుగుతున్న కుక్క కనబడితే వెనక్కి తగ్గిన రీడర్ నష్టపోతాడు, తెగించి లోపలికి వెళ్లినవాడికి కూలి దక్కుతుంది. ఇటువంటి ఏర్పాటు ఉన్నంతకాలం కుక్క చెవులు, తోక ఎలా చూడాలో నేను ఎంత చక్కగా చెప్పినా ఉపయోగం లేదు. ఈ మాటే మేనేజరు గారితో చెప్పాను, క్లాసు తేదీ నిర్ణయించే ముందు లెక్క మార్చమని అడిగాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కుక్క ఉందని చెప్పి ఎండవేళ సగం ఇళ్లు వదిలేస్తారన్నది ఆయన అభ్యంతరం, అది నిర్హేతుకమైనది కాదు. మిషన్‌లో కొత్త కారణం చేర్చడం ఏజెన్సీ చేతిలో లేదు. రెండు సార్లు మాట్లాడుకున్న తరువాత రెండు నెలల ప్రయోగానికి ఒక ఒప్పందం కుదిరింది. కుక్క విడిగా ఉన్న ఇంటి గేటు బయట నుంచే ఒక ఫోటో తీసి సూపర్‌వైజరుకు వాట్సాప్‌లో పంపితే ఆ సర్వీసుకు సగం డబ్బు వస్తుంది. ఇంటివారికి ఫోను చేసి, కుక్కను గదిలో పెట్టించి, సాయంత్రం రెండోసారి వెళ్లి రీడింగు తీస్తే మిగతా సగం వస్తుంది. కాటు పడినవారికి టీకాకు వెళ్లే ప్రతి రోజుకూ ఆ రోజు కూలి ఇస్తారు.

రూటు పుస్తకంలో కూడా ఒక మార్పు చేశాము. కుక్క ఉన్న ప్రతి సర్వీసు నంబరు పక్కన ఎర్ర సిరాతో "క" అని రాసి, గొలుసుతో ఉంటే "క-గొ" అని, విడిగా ఉంటే "క-వి" అని, పిల్లలు పెట్టి ఉంటే "క-పి" అని గుర్తు పెట్టారు. పాత రీడర్ సెలవు పెట్టి కొత్త మనిషి ఆ రూటుకు వెళ్లిన రోజునే ప్రమాదం ఎక్కువ కనుక, పాత మనిషి బుర్రలో ఉన్న సమాచారం కాగితం మీదికి రావాలన్నది దీని ఉద్దేశం. "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డులను ఇందుకు ఆధారంగా తీసుకోలేదు. బోర్డు ఉండి కుక్క లేని ఇళ్లూ, కుక్క ఉండి బోర్డు లేని ఇళ్లూ మేము నడిచిన వీధుల్లో చాలానే ఉన్నాయి.

శిక్షణ జరిగిన తీరు

రీడర్లను మూడు జట్లుగా చేసి, మొదటి జట్టును హాల్లో కూర్చోబెట్టి బొమ్మలు చూపించాను. గంటన్నర తరువాత అడిగితే వారికి గుర్తున్నది నేను చెప్పిన ఒక హాస్యపు మాట మాత్రమే. మిగతా రెండు జట్లకు పద్ధతి మార్చాను, మొదటి జట్టును కూడా తిరిగి పిలిచాను. ఉదయం ఆరున్నరకు, పనికి వెళ్లబోయే ముందు, ఒక మిత్రుని ఇంటి ఆవరణలో కలుసుకునేవాళ్లం. అక్కడ జాలీ కంచె వెనుక రెండు కుక్కలు ఉన్నాయి, ఒకటి దేశవాళీది, ఒకటి లాబ్రడార్. గోడకు పాత మీటరు పెట్టె ఒకటి బిగించాము. నేర్పినదంతా అక్కడ నిలబడి చేయించినదే.

గేటు దగ్గర చేయవలసిన పనికి మేము పెట్టుకున్న పేరు "పది అంకెలు". హెల్మెట్ తీసి బండికి తగిలించాలి, ఎందుకంటే తల ఆకారం, ముఖం తెలియని మనిషిని చూస్తే కుక్కలు త్వరగా బెదురుతాయి. గొళ్లెం గట్టిగా చప్పుడు చేసి, "కరెంటు బిల్లూ" అని పిలిచి, గేటు తెరవకుండా మనసులో పది లెక్కపెట్టాలి. ఆ పది అంకెల్లో కళ్లకు పని ఉంటుంది: నీళ్ల గిన్నె, గొలుసు, కొరికిన చెప్పు, గడ్డి లేని వలయం, మలం, వీటిలో ఏది కనబడినా కుక్క ఉన్నట్టే. కుక్క ఉంటే ఆ పది అంకెల లోపల సాధారణంగా తనే గేటు దగ్గరకు వస్తుంది, అప్పుడు ఇనుప గేటు మనకూ దానికీ మధ్య ఉంటుంది. ఇంటివారు కుక్కను గదిలో పెట్టి తలుపు వేశారని కంటితో చూసిన తరువాతే లోపలికి వెళ్లాలి. "ఏటీ సెయ్యదు" అన్న మాటకు ఏమనాలో కూడా అభ్యాసం చేయించాము. "మిమ్మల్ని ఏమీ చెయ్యదమ్మా, నేను కొత్తవాణ్ణి కదా, ఒక్క నిమిషం లోపల పెట్టండి" అన్న వాక్యాన్ని ఒక రీడరే తయారు చేశాడు. నేను రాసుకువెళ్లిన మర్యాద వాక్యం కంటే అది బాగా పనిచేసింది.

మీటరు దగ్గర నిలబడే భంగిమ మీద ఎక్కువ సమయం పెట్టాము. గోడకు ఎదురుగా కాక పక్కవాటుగా నిలబడి, భుజానికి ఉన్న సంచీని పెరడు వైపు తిప్పుకుని, బిల్లు కాగితం వచ్చేలోపు ఒకసారి తల తిప్పి చూడటం అలవాటు కావాలి. వెళ్లేటప్పుడు గేటు దాకా పూర్తిగా వీపు తిప్పకూడదు. పోమేరియన్ కాట్లు రెండూ ఇక్కడే జరిగాయి.

కుక్క శరీరాన్ని చదవడం విషయంలో నేను తగ్గించి చెప్పినది ఎక్కువ. తోక ఊపితే స్నేహమేనన్నది అందరూ నమ్మే మాట. తోక నిటారుగా పైకి లేచి, బిగుసుకుని, చిన్నగా అదురుతుంటే అది స్నేహం కాదు. మొరుగుతున్న కుక్క ఒక్కసారిగా నిశ్శబ్దమై, నోరు మూసుకుని, ఒళ్లు బిగబట్టి, కంటి తెలుపు కనబడేలా ఓరగా చూస్తుంటే వెనక్కి రావలసిన సమయం అదే. వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, పై పెదవి లేచి కోరపళ్లు కనబడటం అందరికీ తెలుసు. పదే పదే ముక్కు నాకుకోవడం, నిద్ర లేని వేళ ఆవులించడం కూడా బెదురుకు గుర్తులని మాత్రం చాలామందికి తెలియదు. ఇంతకు మించి పేర్లూ, వర్గీకరణలూ చెబితే వీధిలో గుర్తుండవు.

మీదికి వచ్చే కుక్క ఎదుట పరుగెత్తకూడదు, కేకలు వేయకూడదు, కళ్లలోకి చూడకూడదు. చేతులు ముడుచుకుని, కాస్త పక్కకు తిరిగి, చూపు నేలకు దించి నిలబడాలి. అది వాసన చూసి తగ్గిన తరువాత ఒక్కొక్క అడుగు వెనక్కి వేయాలి. కరవబోతే ముందు సంచీని దాని నోటికి అందించాలి. పట్టుకున్న తరువాత చేతిని గుంజితే కండ చీలుతుంది. కింద పడిపోతే మోకాళ్లు కడుపుకు తెచ్చి, చేతులతో మెడ, చెవులు కప్పుకుని బంతిలా ముడుచుకోవాలి. ఇది చేయించేటప్పుడు అందరూ నవ్వారు, అయినా మూడేసి సార్లు చేయించాను. బండి వెంటబడే కుక్కల విషయంలో వేగం పెంచడం ఆటను పెంచడమే. నిదానించి, ఆపి, కాలు కింద పెట్టి, బండి కుక్కకూ మనకూ మధ్య ఉండేటట్టు దిగితే చాలా కుక్కలు అక్కడితో ఆగిపోతాయి.

రాయి తీసినట్టు వంగడం గురించి గట్టి వాదన జరిగింది. వీధి కుక్కలు దానికి జడిసి వెనక్కి పోతాయన్నది నిజం, నేనూ చిన్నప్పటి నుంచి చూసినదే. కానీ నెలకు ఒకసారి అదే సంచీతో, అదే వీధికి, అదే మనిషి రావాలి. ఈ రోజు రాయితో బెదిరించిన కుక్క వచ్చే నెల ఆ సంచీని దూరం నుంచే గుర్తు పట్టి ఎదురు వస్తుంది. ఇక ఇంటి ఆవరణలో వంగితే ముఖం కుక్క నోటికి దగ్గరవుతుంది. అందుకని వీధిలో, దూరంగా, మరో దారి లేనప్పుడు మాత్రమే అని తేల్చాము. కర్ర, స్ప్రే వద్దన్నాను. ఒక చేతిలో మిషన్, ఒక చేతిలో కర్ర ఉన్న మనిషికి గేటు మూయడానికి చెయ్యి మిగలదు. బిస్కెట్లు జేబులో పెట్టుకు తిరిగే రీడర్ ఒకరు ఉన్నారు, ఆయనను ఏ కుక్కా కరవలేదు. అయినా అందరికీ ఆ పద్ధతి చెప్పలేకపోయాను. ఆయన రూటుకు బిస్కెట్లు లేని మనిషి వెళ్లిన రోజున ఆ కుక్కలన్నీ మీద పడి జేబులు వెతుకుతాయి.

కాటు పడిన తరువాత

ఈ భాగానికి ఒక పూర్తి ఉదయం కేటాయించాను. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం, కాటు పడిన వెంటనే సరిగా వైద్యం జరిగితే ఆ జబ్బు రాకుండా దాదాపు పూర్తిగా ఆపవచ్చు. లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి కనుక, నెల గడిచినా ఏమీ కాలేదన్న ధైర్యానికి అర్థం లేదు.

మొదటి వైద్యం సబ్బు, ధారగా పడే నీళ్లు, పదిహేను నిమిషాలు. ఆ వైరస్ పై పొర కొవ్వుతో చేసినది, సబ్బు దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. గడియారం చూపించకుండా, పదిహేను నిమిషాలు అయిందనుకునే వరకు కుళాయి కింద చెయ్యి కడగమని ఒక్కొక్కరికీ చెప్పాను. ఎక్కువ మంది మూడు నిమిషాలు దాటలేదు. ఆ తరువాత నిజమైన పదిహేను నిమిషాలు అందరి చేతా కడిగించాను, విసుగు పుట్టేంత పొడవైన సమయమని వారికి తెలియడం అవసరం. ప్రతివారి సంచీలో సబ్బు ముక్క ఒకటి ఉండాలన్నది నియమం, నీళ్లు ఏ ఇంటి కుళాయి దగ్గరైనా దొరుకుతాయి. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. గాయానికి వెంటనే కుట్లు వేయించుకోకూడదు.

తరువాత అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు, 0 అంటే మొదటి సూది వేసిన రోజు. కండకు వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు మోతాదులు. చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందును, గాయంలోకీ, గాయం చుట్టూ ఎక్కించాలి. ఇది అన్ని చోట్లా దొరకదు కాబట్టి అటువంటి కాటు పడితే పెద్ద ఆసుపత్రికే వెళ్లమని చెప్పాము. "బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులంట గదండీ" అని ఒక రీడర్ అడిగాడు. ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివర ఆపేశారు, కానీ దాని భయం ఇరవై ఏళ్లకు పైగా బతికే ఉంది.

కరిచిన కుక్కను పది రోజులు గమనించడం గురించి కూడా తప్పుడు అభిప్రాయం ఉంది. పది రోజుల తరువాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేదని అర్థం. టీకా మాత్రం మొదటి రోజే మొదలుపెట్టాలి, పది రోజులు చూసి మొదలుపెట్టడం కాదు. ఆ పది రోజుల గమనింపు వల్ల తరువాతి మోతాదుల సంగతి వైద్యుడు తేలుస్తాడు. చెవి కొస కత్తిరించి ఉన్న వీధి కుక్క సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినది. ఆ సమయంలో దానికి రేబిస్ టీకా కూడా వేస్తారు. అయితే ఆ టీకా ఎప్పుడు వేసినదో మనకు తెలియదు కనుక, చెవి చూసి ధైర్యపడకూడదు.

కాటు పడకముందే వేసే ముందస్తు టీకాను అందరూ వేయించుకోమని సిఫార్సు చేశాను. 0, 7, 21 లేదా 28 రోజుల్లో మూడు మోతాదులు తీసుకున్నవారికి తరువాత కాటు పడితే 0, 3 రోజుల్లో రెండు మోతాదులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. 34 మందిలో 19 మంది వేయించుకున్నారు. మిగతావారిని బలవంతపెట్టలేదు.

చిత్త కార్తె నుంచి సంక్రాంతి దాకా

చిత్త కార్తె కుక్కలన్న మాట మనకు తిట్టుగా మిగిలిపోయింది గాని, అందులో ఒక క్యాలెండరు ఉంది. అక్టోబరులో వచ్చే ఆ కార్తెలో వీధి కుక్కలు జతకడతాయి. గర్భకాలం సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు నడుమ నుంచి పిల్లలు పుడతాయి, సంక్రాంతి దాటేవరకు తల్లులు వాటిని కాపలా కాస్తాయి. కల్వర్టులు, గడ్డివాముల అడుగు, కడుతున్న ఇళ్ల మెట్ల కింద, ఇసుక కుప్పల పక్క అవి ఉండే చోట్లు. నవంబరు చివర నుంచి ప్రతి రూటులో ఇటువంటి చోట్ల జాబితా రాయించాము. దసరా తరువాత వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో ఇళ్ల నిండా చుట్టాలు ఉంటారు, గేట్లు తెరిచే ఉంటాయి, కుక్కలను అలవాటు లేని చోట కట్టేస్తారు. ఆ వారం పట్టణ రూట్లలో పది అంకెలను ఇరవై చేసుకోమని చెప్పాను.

నా పొరపాటు ఒకటి బయటపడినది ఈ కాలంలోనే. మీదికి వచ్చే కుక్క ఎదుట కదలకుండా నిలబడమని నేర్పాను కదా, నెల్లిమర్ల వైపు ఒక పల్లెలో గడ్డివాము దగ్గర తల్లి కుక్క ఎదురు రాగానే ఒక రీడర్ అచ్చం నేను చెప్పినట్టే నిలబడిపోయాడు. ఆయన నిలబడిన చోటికి నాలుగడుగుల దూరంలో పిల్లలు ఉన్నాయి. తల్లి దృష్టిలో కదలకుండా నిలబడినవాడు పిల్లల దగ్గర కాచుకుని ఉన్నవాడే. కుక్క రెండుసార్లు ఉరికి ఆయన ప్యాంటు చించింది. పన్ను చర్మానికి తగలలేదని తేలే దాకా నాకు కుదురు లేదు. పిల్లలు ఉన్నాయని అనుమానం ఉన్న చోట నిలబడకూడదు, వచ్చిన దారినే, ముఖం దానివైపే ఉంచి, నిదానంగా వెనక్కి నడిచిపోవాలి. ఈ తేడాను మొదట్లోనే చెప్పి ఉండవలసింది.

మరో లోపాన్ని ఒక మహిళా రీడర్ చూపించారు. జట్టులో ముగ్గురు మహిళలు ఉన్నారు. గాలికి ఎగిరే చున్నీ కొంగును కుక్క పట్టుకుంటుందని, దాన్ని వెనక ముడి వేసుకోమని నేను చెప్పలేదు. గేటు దగ్గర గట్టిగా అరిస్తే వీధిలో మాట వస్తుందని, అందుకే తాను గేటు ఊపి ఊరుకుంటానని కూడా ఆమె చెప్పారు. అప్పటి నుంచి అందరి సంచీలోనూ ఒక సైకిలు గంట పెట్టించాము. మగవాళ్లు కూడా గొంతు మానేసి దాన్నే వాడుతున్నారు.

ఎనిమిది నెలల తరువాత

శిక్షణ తరువాత ఎనిమిది నెలల్లో రెండు కాట్లు పడ్డాయి. ఐదు కాట్లు రెండుకు తగ్గాయని సంతోషించవచ్చు గాని, ఇంత చిన్న అంకెలతో ఏదీ రుజువు కాదు. అంతకు ముందు దాచిన కాట్లు ఇంకా ఉండి ఉండవచ్చు కూడా. నాకు ఎక్కువ తృప్తి కలిగించినది వేరు. రెండు కాట్లూ అదే రోజు రిజిస్టరులోకి ఎక్కాయి, ఇద్దరూ పదిహేను నిమిషాలు కడుక్కున్నారు, ఇద్దరూ చివరి మోతాదు దాకా వెళ్లారు. అందులో ఒకరు పది అంకెలు లెక్కపెట్టకుండా లోపలికి వెళ్లినవారు, ఆ సంగతి ఆయనే చెప్పాడు. రెండో ఆయన నియమాలన్నీ పాటించాడు, ఇంట్లో పిల్లవాడు గది తలుపు తీయడంతో కుక్క బయటికి వచ్చింది. అందుకే ఇప్పుడు తలుపు వేశారా అని మాత్రమే కాక గొళ్లెం పెట్టారా అని కూడా అడుగుతున్నారు.

మేనేజరు గారు భయపడినట్టే మొదటి నెలలో కుక్క ఫోటోలు వరదలా వచ్చాయి. అందులో కొన్ని గేట్లలో కుక్క జాడే లేదు. సూపర్‌వైజరు ఆ ఇళ్లకు తానే వెళ్లి చూసి వచ్చాక రెండో నెలకు సంఖ్య బాగా తగ్గింది. తగ్గడానికి మరో కారణం ఇంటివారు. సాయంత్రం ఫోను వస్తుందని, కుక్కను లోపల పెట్టమంటారని తెలిశాక కొందరు రీడింగు రోజున ముందే కట్టేయడం మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు మీటరును ప్రహరీ గోడ ముందుకు మార్పించుకుంటామన్నారు, ఒకరు మార్పించుకున్నారు కూడా. ఒక ఇంటాయన మాత్రం తన కుక్కను అవమానించారని సూపర్‌వైజరు మీద కేకలు వేశాడు. ఆ సర్వీసు పక్కన రూటు పుస్తకంలో "క" గుర్తుతో పాటు ఎవరో పెన్సిలుతో "య" అని కూడా రాశారు, యజమాని అని అర్థమట.

ఈ ఎనిమిది నెలల్లో ఏడుగురు రీడర్లు మారారు. కొత్తగా వచ్చినవారిలో నలుగురికే శిక్షణ అందింది, మిగతా ముగ్గురూ ఎర్ర సిరా గుర్తులున్న పుస్తకంతోనూ, పాత రీడర్ వెంట రెండు రోజుల నడకతోనూ పనిలోకి దిగారు. ముందస్తు టీకా వారెవరికీ ఇంకా పడలేదు. ప్రయోగం పేరుతో మొదలైన సగం డబ్బు ఏర్పాటు రెండు నెలల తరువాత మాట మీదే కొనసాగుతోంది. వచ్చే ఏడాది కాంట్రాక్టు కాగితాల్లో దాన్ని ఒక షరతుగా రాయాలని నేను పంపిన పేజీ మేనేజరు గారి టేబులు మీద ఉంది, సంతకం ఇంకా కాలేదు. చిత్త కార్తెకు ముందు కొత్తవారి జట్టుకు మళ్లీ క్లాసు పెట్టుకున్నాము, ఆ ఉదయం ఆ కాగితాన్ని కూడా వెంట తీసుకువెళతాను.